దిగిన బరువు ఎవరి ఖాతాలో?





తూకము మన ఇండ్లలో పుట్టినప్పటినుండి వినబడు మాట. పత్తి బేలు మొదలు పసుపు కొమ్ము వరకు, వెండి కడ్డీ మొదలు వేరుశనగ బస్తా వరకు తూచి కొని, తూచి అమ్మి, ఆ తూకము మీదనే తాతముత్తాతలు పేరు నిలుపుకొన్నారు. పావు తులము తేడా వచ్చినను రాత్రి నిద్ర పట్టని వర్తకులు మనలో కలరు. అయితే ప్రయాణమునకు పోవునప్పుడు తన వీపున గాని, కూలివాని తలపై గాని, గుర్రము నడుముపై గాని పెట్టు మూటను కాటా మీద పెట్టి చూచినవారు ఎందరు? విమానము వారు అదనపు బరువునకు రుసుము అడిగిననాడు మాత్రము చూచెదము. అదియు రూపాయల విచారమే గాని బరువు విచారము కాదు.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకొనుటకు కారణము కలదు. నేడు మన పిల్లలు నాలుగు దినములు సెలవు దొరికినచో కొండలకు పోవుచున్నారు. వీపున సంచి తగిలించుకొని, గుడారము మోసికొని, అడవిలోను మంచులోను నడచి వచ్చుచున్నారు. పెద్దలలో కొందరు దీనిని ఉబలాటమని త్రోసివేయుదురు. త్రోసివేయదగినది కాదు. కాలినడక మన ధర్మమునకు క్రొత్తది కాదు. సాధువుల విహారమంతయు కాలినడకయే. ఆ పిల్లల మధ్య ఇప్పుడొక మాట పుట్టినది: సామాను తేలిక చేసికొనవలెనని. మంచి మాట. కాని తగ్గిన బరువు ఎక్కడికి పోయినదని అడుగువారు కానరారు. జమాఖర్చు తెలిసినవాడు మొదట అడుగవలసిన ప్రశ్న అదియే.

బళ్ళారిలో బట్టల అంగడి గల ఒక గృహస్థుని కథ వినుడు. ఆయన చిన్న కుమారుడు స్నేహితులిద్దరితో కలిసి ఉత్తరాఖండములోని కేదార్‌కంఠమను శిఖరమునకు పోయెను. సాంక్రీ అను గ్రామమునుండి నడక మొదలగును. శిఖరము ఎత్తు సుమారు 12,500 అడుగులు. చలికాలములో దారియంతయు మంచు. నాలుగు దినములు నడచి వచ్చిన కుమారుని భుజములు రెండును కమిలియుండెను, కుడి మోకాలు వాచియుండెను. తల్లి వేడినీళ్ళ కాపడము పెట్టుచుండగా తండ్రి ఏమియు మాటలాడక సంచిని అంగడికి ఎత్తించుకొని పోయెను. పని కుర్రవాడు దానిని ఎత్తలేక నేలపై ఈడ్చుకొని పోయెను.

అంగడి మూసిన పిమ్మట తండ్రి సంచిని కాటా మీద పెట్టెను. 15 కిలోల 800 గ్రాములు. తిండి అంతయు అయిపోయి తిరిగి వచ్చిన సంచి ఇది! అప్పుడు ఆయన పాత చిట్టా పుస్తకము తీసి, కుమారుని ఎదుట కూర్చుండబెట్టి, ఒక్కొక్క వస్తువును బయటకు తీసి తూచి వ్రాసెను. వ్రాయుటకు మూడు గడులు గీసెను. దినదినము వాడినవి ఒకటి, ఒక్కసారి వాడినవి ఒకటి, ముట్టనివి ఒకటి.

ముట్టనివాటిలో ఏమేమి ఉండెనో విన్నచో నవ్వు వచ్చును. రెండు జీన్సు ప్యాంట్లు, కిలోన్నర. దళసరి తుండుగుడ్డ అరకిలో. చక్రముల పెట్టెకు వేయు తాళము ఒకటి. పెట్టె ఇంటియందే ఉన్నది, తాళము హిమాలయములకు పోయి వచ్చినది! స్టీలు డబ్బాలో కందిపొడి, ఆ డబ్బా లోపల ఇంకొక డబ్బా. తలంటు సబ్బు పెద్ద సీసా. నీళ్ళు గడ్డకట్టు చోట తలంటి పోసికొనువాడు ఎవడు? ఆ గడి మొత్తము 5 కిలోల 600 గ్రాములు తేలెను. ఒక్కసారి వాడినవి 3 కిలోల 200. నాలుగు దినములును పనికివచ్చినవి సంచితో కలిపి 7 కిలోలు మాత్రమే.

“ఇవన్నీ ఎందుకు పెట్టుకున్నావురా?” అని తండ్రి అడిగెను.

“ఏమో నాన్నా, అవసరం పడుతుందేమోనని.”

ఆ ‘ఏమో’ అను మాటయందే శాస్త్రమంతయు కలదు. తత్త్వార్థ సూత్రములో ఉమాస్వామి పరిగ్రహమునకు చెప్పిన అర్థము వస్తువు కాదు, మూర్ఛ. అనగా వస్తువుపై మనస్సు సోలి పడియుండుట. జీన్సు ప్యాంటు పరిగ్రహము కాదు; అది లేకున్న ఏమగునో యను భయము పరిగ్రహము. ఆ యువకుడు కొండపైకి మోసినది 5 కిలోల 600 గ్రాముల బట్టలను డబ్బాలను కాదు, తన భయములను. ప్రతి మూటయందును భయములు మడతలు పెట్టి ఉండును. చలి భయము, ఆకలి భయము, నలుగురిలో చిన్నబోవుదునేమో యను భయము. ఈ మూడవది తూకమునకు అన్నిటికన్న ఎక్కువ వచ్చును. పెండ్లి ప్రయాణముల పెట్టెలు మోసినవారిని అడిగిన తెలియును.

మరి మునులను చూడుడు. దిగంబర ముని చేత పింఛి, కమండలువు, చదువుకొనుటకు శాస్త్రము. శ్వేతాంబర సాధువు వద్ద రజోహరణము, ముఖవస్త్రిక, కొయ్య పాత్రలు, కొలది వస్త్రములు. ఆ కొలది కూడ తన భుజముననే మోయును. సంవత్సరములో ఎనిమిది మాసములు ఊరినుండి ఊరికి నడచుచు బ్రదుకువారికి ఇంతకన్న అక్కరలేకపోయినది. ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. విహారములో సాధువు వెంట నడచు శ్రావకుల సామాను మాత్రము మోటారు బండిలో వెనుక వచ్చుచుండును. ముందు అపరిగ్రహము, వెనుక బండి. గృహస్థులు మునులు కాజాలరు, నిజమే. కాని బండిని సగము చేయుట గృహస్థుని చేతిలోని పనియే.

గృహస్థునికి శాస్త్రము పూర్తి త్యాగమును విధింపలేదు, పరిమాణమును విధించినది. పరిగ్రహ పరిమాణ వ్రతమనగా కొలత పెట్టుకొనుట. శ్వేతాంబర శ్రావకులు ప్రతిదినము తలచుకొను 14 నియమములలో పాదరక్షలు, వస్త్రములు, వాహనము, శయ్య వేర్వేరుగా పేర్కొనబడినవి. నేడు ఎన్ని జతల బట్టలు, ఏ పడక, ఏ బండి అని ఉదయముననే లెక్క కట్టుకొనవలెను. కొండకు పోవువాడు వ్రాసికొను సామాను పట్టీకి ఇంతకన్న మేలైన నమూనా ఎచ్చట దొరకును? ఇంట పఠించు నియమము ప్రయాణపు సంచి వద్దకు వచ్చుసరికి మరపునకు వచ్చుచున్నది.

కథకు వత్తము. ఆ రాత్రి లెక్క ముగిసిన పిమ్మట కుమారుడు సిగ్గుపడి, తేలికగా నడచువారిని గూర్చి చదువ మొదలుపెట్టెను. కొన్నాళ్ళకు భోజనముల వద్ద తండ్రికి ఒక అమెరికా వృద్ధురాలి కథ చెప్పెను. ఎమ్మా గేట్‌వుడ్ ఆమె పేరు. ఒహాయో రాష్ట్రములో పొలము పనులు చేసికొనుచు పదునొకండుగురు బిడ్డలను పెంచిన తల్లి. అచ్చటి అపలాచియన్ ట్రెయిల్ అను కొండబాట రెండువేల మైళ్ళకు పైబడినది. 1954 లో ఆమె ఆ బాట పట్టి, దారి తప్పి, కండ్లద్దములు పగులగొట్టుకొని, వెనుకకు రావలసి వచ్చెను. మరుసటి ఏడు, 1955 లో, 67 ఏండ్ల ప్రాయమున, పిల్లలతో కొంచెము నడచి వచ్చెదనని మాత్రము చెప్పి, మే నెలలో జార్జియా రాష్ట్రమునందు మొదలుపెట్టి సెప్టెంబరులో మెయిన్ రాష్ట్రమందలి చివరి శిఖరము చేరెను. ఆ బాటను ఒంటరిగా ఒక్క ఏట మొదలంట నడచిన మొదటి స్త్రీ ఆమెయే. ఆమె సామాను ఏమనగా, ఇంట తాను కుట్టుకొన్న ముతక గుడ్డ సంచి ఒకటి, కంబళి, వానకోటు, వాన పడినప్పుడు కప్పుకొనుటకు స్నానాల గదిలో కట్టు ప్లాస్టిక్ తెర. కాళ్ళకు మామూలు కాన్వాసు జోళ్ళు. గుడారము లేదు. మూట అంతయు 20 పౌన్లు, అనగా 9 కిలోలు, దాటెడిది కాదు. పిమ్మట 1957 లో ఆమె ఆ బాటనే మరల నడచెను.

తండ్రికి ఈ కథ మిక్కిలి నచ్చెను. కాని వర్తకుడు కదా, ఒక ప్రశ్న వేసెను. “ఇల్లు లేదు, గుడారం లేదు. మరి రాత్రుళ్ళు ఎక్కడ పడుకుంది? ఏం తినింది?”

కుమారుడు చెప్పెను. దారిలోని చావళ్ళలో కొన్ని రాత్రులు, ఆకులు పరచుకొని చెట్ల క్రింద కొన్ని రాత్రులు, దారి పక్క ఇండ్లవారు పిలిచి పెట్టిన అన్నము, వారు చూపిన మంచము కొన్ని రాత్రులు.

“అయితే ఆ ఇళ్ళవాళ్ళ పేర్లు కూడా జమలో రాయాల,” అనెను తండ్రి.

ఆయన ఎగతాళికి అన్నమాట కాదు. మన మునుల తేలికతనము సైతము శ్రావకుల వంటయింటిపై నిలిచియున్నది. అందుచేతనే ఆహారదానము గృహస్థునికి అంత గొప్ప ధర్మమైనది. ఒకని వీపు తేలికైన చోట్ల నెల్ల మరియొకని ఖాతాలో ఏదో ఒక పద్దు పడును. అది ప్రేమతో పెట్టినదా, కూలికి మోసినదా, బలవంతముగా గుంజినదా అని విచారింపవలెను.

రెండవ చలికాలము వచ్చినది. కుమారుడు పట్టుదలతో అన్నియు మార్చెను. తేలికవారి లెక్క ప్రకారము తిండి, నీరు, ఇంధనము మినహాయించి తక్కిన సామాను 9 కిలోల లోపుండిన తేలిక, నాలుగున్నర కిలోల లోపుండిన మిక్కిలి తేలిక. బరువంతయు మూడింటియందు ఉండును: సంచి, గుడారము, పడక. అవి మార్చనిదే దువ్వెన విరిచి సగము పెట్టుకొన్నను లాభము లేదు. ఈ మాటలు సత్యమే. రెండున్నర కిలోల పాత సంచి తీసివేసి, కిలో పైచిలుకు క్రొత్త సంచి కొనెను. కిలో ముప్పాతిక పాత పడక సంచికి బదులు 900 గ్రాములది కొనెను. దాని వెల రెండు మంచి పట్టుచీరల వెల. మిగిలిన సామానును, గుడారములను సాంక్రీలో కంచరగాడిదపై వేయించిరి. యాత్ర ముగించి వచ్చి కుమారుడు తానే సంచిని కాటాపై పెట్టెను. 6 కిలోల 200 గ్రాములు.

“చూడు నాన్నా, పదిహేనున్నర ఎక్కడ, ఆరు ఎక్కడ!”

తండ్రి సంతోషించెను. తల్లి మరింత సంతోషించెను, ఈసారి మోకాలు వాయలేదు. అవ్వ, అనగా ఆ తండ్రి తల్లి, ఎనుబది దాటిన ముదుసలి, మూల కూర్చుండి ఆ క్రొత్త పడకసంచిని చేత తడిమి చూచుచుండెను. దూదికన్న మెత్తగా ఉన్నదని మురిసిపోవుచుండెను. ఇంతలో కుట్టు సందునుండి తెల్లని పోగు ఒకటి ఆమె వ్రేలికి తగిలెను. లాగి చూచినది. చిన్న ఈక.

“ఒరే, ఇదేమిరా?”

కుమారుడు నేలచూపులు చూచెను. అతనికి తెలియును. కొనునాడే తెలియును. చలికి అన్నిటికన్న తేలికయైన కప్పు బాతుల, హంసబాతుల రొమ్ము క్రింది నూగుటీకలు. పక్షుల ఒంటి వేడిని కాచుటకు పుట్టిన ఈకలవి. వాటిలో అధికభాగము మాంసమునకై పెంచి చంపిన పక్షులవి. కొన్ని చోట్ల బ్రతికియుండగనే పెరికి తీయుటయు జరిగినది. మన మునుల పింఛి నెమలి ఈకలదే గదా అని వాదించువారు ఉందురు. నెమలి తనంత తాను రాల్చిన ఈకలను ఏరి కట్టినది పింఛి. దానిని పట్టుట చీమను సైతము త్రొక్కకుండుటకు. రెంటికిని పోలిక ఈకయను పేరు మాత్రమే.

ఆ రాత్రి ఇంట ఎవ్వరును గట్టిగా మాటలాడలేదు. అవ్వ కోపపడలేదు. ఆ ఈకను కొంగు చివర ముడి వేసికొనెను, అంతియే.

ఇంకొక సంగతి మరునాడు బయటపడెను. కుమారుడు తల్లితో మాటల మధ్య చెప్పుచుండగా తండ్రి వినెను. మంచు గట్టిపడిన ఏటవాలు వద్ద ఆ కంచరగాడిద ముందుకాళ్ళు జారి మోకాళ్ళపై పడినదట. లేపి మూట సర్దునప్పుడు చూడగా త్రాటి క్రింద వీపు ఒరసి పుండు పడియున్నదట. తోలువాడు దానికేదో పూసి, మరల అదే మూట దానిపైననే కట్టెనట. “వాళ్ళకు అలవాటే అమ్మా,” అనెను కుమారుడు.

తండ్రి లోపలికి వచ్చి పాత చిట్టా తెరచెను. “ఒరే అబ్బాయి, నీ లెక్కలో తప్పుంది. పోయినసారి పదిహేను కిలోల ఎనిమిది వందలు. ఈసారి ఆరు కిలోల రెండు వందలు. తేడా తొమ్మిది కిలోల ఆరు వందలు. ఆ తేడా ఎక్కడికి పోయింది? ఒక ఖాతాలో తగ్గితే ఇంకో ఖాతాలో ఎక్కాల గదా. నీ వీపు ఖాతాలో ఖర్చు రాసినావు, ఎవరి ఖాతాలో జమ రాయలేదు.”

కుమారునికి జవాబు దొరకలేదు.

సోదరులారా, అహింసాణువ్రతమునకు అతిచారములు అయిదని తత్త్వార్థ సూత్రము చెప్పుచున్నది: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మితిమీరిన బరువు వేయుట, అన్నపానములు నిలిపివేయుట. నాలుగవ దానిని గమనింపుడు. అతిభారారోపణము. అది కోయుటకును, ఆకలితో మాడ్చుటకును నడుమ కూర్చుండియున్నది. సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారములో పరిగ్రహ పరిమాణ వ్రతమునకు చెప్పిన అయిదు దోషములలో సైతము అతిభారవహనము కలదు. ఒక ఆచార్యుడు దానిని హింస క్రింద చెప్పెను, ఒకరు పరిగ్రహము క్రింద చెప్పిరి. ఇది ఊరక జరిగినది కాదు. మన ఇంట పేరుకొన్న పరిగ్రహము బయట పశువు వీపుపై హింసయై కూర్చుండును. రెండు పేర్లు, మూట ఒక్కటే. మన ప్రభుత్వము వారు బరువు మోయు పశువులపై ఎంత వేయవచ్చునో 1965 లో నిబంధనలు చేసిరి. శ్రావకునకు ఆ నిబంధన వెయ్యేండ్లకు పూర్వమే కలదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును, అది తేలికగా కొట్టివేయదగినది కాదు. “మనము కూలి ఇవ్వకున్న కొండవారు బ్రదుకుటెట్లు?” అని అడుగుదురు. సాంక్రీ వంటి ఊళ్ళలో చలికాలపు రాబడి చాలవరకు ఈ నడకవారి వలననే. శిఖరజీలో డోలీ మోయువారి కుటుంబములు యాత్రికులపై ఆధారపడియున్నవి. కనుక పిలువకుండుట ధర్మము కాదు. బరువు తగ్గింపవలెను, కూలి తగ్గింపరాదు. పది కిలోలకు ఇచ్చు కూలియే ఐదు కిలోలకు ఇచ్చిన వర్తకుని ఎవ్వరును మూర్ఖుడనరు; అనినను నష్టము లేదు. ముసలివారు, రోగులు డోలీ ఎక్కుటలో దోషము లేదు. మధువనమునుండి బయలుదేరి సమ్మేద శిఖరజీ వందన ముగించి తిరిగి వచ్చుటకు 27 కిలోమీటర్లు. ఇరువదిమంది తీర్థంకరులు మోక్షమొందిన ఆ పర్వతమును కాళ్ళు ఆడనివారు చూడకుండవలెనని ఎవ్వరును అనరు. డోలీలో కూర్చున్నవారి ఒడిలో మరియొక మూట ఉండవలెనా యనునదే ప్రశ్న.

మరి ఆ ఈకల పడక ఏమైనది? ఆ ఇంట దీనిపై చాల దినములు వాదము జరిగెను. అంగడిలో తిరిగి ఇచ్చుటకు గడువు దాటినది. అమ్మివేయుదమని తల్లి అనెను. అమ్మిన రూపాయలు ఇంటికి తెచ్చుట అవ్వకు ఇష్టము లేదు. పారవేసిన పక్షులు తిరిగి రావు. చినుగువరకు తానే వాడుదునని, మరియొకటి కొననని కుమారుడనెను. అతని మాటలో కొంత న్యాయము, కొంత ఆశ కలిసియుండెను. వెల పెట్టి కొన్న తేలిక వస్తువు మనస్సుపై ఎంత బరువుగా కూర్చుండునో అప్పుడు అతనికి తెలిసివచ్చెను. పాత పడకసంచిపై అతనికి ఎన్నడును మూర్ఛ లేదు, దీనిపై ఉన్నది. కడకు మూడవసారి పోవునప్పుడు దానిని తీసికొనిపోయి ఆ కంచరగాడిద తోలువానికి ఇచ్చి వచ్చెను. గడ్డిపై గోనె పరచుకొని పండుకొను మనుష్యుడు అతడు. ఇచ్చుట మంచిదే. ఇచ్చుటతో బాతుల పద్దు కొట్టివేయబడినదని మాత్రము ఆ తండ్రి చిట్టాలో వ్రాయలేదు.

ఆ మూడవ ప్రయాణపు ఏర్పాటు కొంచెము వివరముగా చెప్పవలెను. ఇట్టి పిల్లలు ప్రతి ఇంట ఉన్నారు, వారికి పనికివచ్చును.

ఈకల పడకకు బదులు కృత్రిమపు దూది పడకసంచి కొనెను. 1 కిలో 400. అంతే వెచ్చదనమునకు ఈకలదానికన్న అరకిలో ఎక్కువ. ఆ అరకిలోను తగ్గించుటకు త్రోవ లేదు. తగ్గింపనక్కరయు లేదు. సామానులో దించదగిన బరువు కొంత, మోయదగిన బరువు కొంత ఉండును. ఆ అరకిలో తన వీపునుండి దించినచో పక్షి ఒంటిపై పడును గనుక దానిని తానే మోయవలెను. లోపల పరచుకొను గుడ్డ తేలిక కావలెనన్న పట్టుది అమ్మెదరు; పట్టుపురుగులను ఉడికించి తీసిన దారమది. నూలుది బరువు, పాలియెస్టరుది చాలును. జోళ్ళ విషయములో మాత్రము అహింసయు తేలికతనమును ఒకే దారిని నడచినవి. తోలు బూట్లు బరువు, కృత్రిమపు గుడ్డ జోళ్ళు తేలిక. కాళ్ళపై తగ్గిన ఒక కిలో వీపుపై తగ్గిన ఐదు కిలోలతో సమానమని కొండలు ఎక్కువారిలో పాత లెక్క.

కంచరగాడిద వద్దనుకొనిరి. గుడారము ఒక్కటే, ముగ్గురికి పంచి మోసిరి. ఒకని వద్ద గుడ్డ, ఒకని వద్ద కడ్డీలు, ఒకని వద్ద పొయ్యి గిన్నె. మునుపు ముగ్గురికి మూడు పొయ్యిలు ఉండెనట! స్నేహితులమని చెప్పుకొనుచు ఎవని పొయ్యి వాడు మోయుట వింతయే. దారి చూపుటకు ఊరివాని ఒకని పిలుచుకొని, అతనికి పూర్తి కూలి ఇచ్చి, అతని భుజముపై ఏమియు వేయలేదు.

తిండియందు మన ఆచారమే తేలిక నేర్పును. సూర్యాస్తమయమునకు ముందు భోజనము ముగియును గనుక చీకటిలో వంట లేదు, దానికి దీపములు లేవు. కందమూలములు లేవు, బంగాళాదుంపల బరువు దానితోనే పోయినది. అవ్వ వేయించి ఇచ్చిన వేరుశనగపప్పు, పుట్నాలు, బెల్లము, అటుకులు, పేలపిండి. నూరు గ్రాముల వేరుశనగపప్పులో సుమారు 560 కేలరీల శక్తి, అంతే బియ్యములో సుమారు 350. మోసిన బరువునకు ఏది లాభమో వర్తకునికి వేరే చెప్పనక్కరలేదు. దినమునకు 700 గ్రాముల చొప్పున నాలుగు దినములకు 2 కిలోల 800. కాచిన నీరు లీటరు, అనగా కిలో; లీటరు నీటి బరువు ఎవ్వరును తగ్గింపలేరు. తిండి, నీరు గాక సామాను 8 కిలోల 100. అన్నియు కలిపి 11 కిలోల 900.

ఆరు కిలోల సంచి పదునొకటిన్నర దాటినది. కాటా ముల్లు మాత్రమే చూచువాడు ఇది వెనుకకు పోవుట యనును.

ఒక హెచ్చరిక. తేలిక యను పిచ్చి పట్టి కొందరు వానకోటు, పొడి ఉన్ని వంటి వెచ్చని జత, టార్చిదీపము, మందులు సైతము ఇంట విడిచి పోవుదురు. దానిని అపరిగ్రహమనుకొందురు. అది అపరిగ్రహము కాదు, ప్రమాదము. ప్రమాదమే హింసకు మూలమని శాస్త్రము. మంచులో తడిసి చలిపట్టి కూలినవానిని నలుగురు మోసి దింపవలెను. వాడు విడిచిన 300 గ్రాముల వానకోటుకు బదులు 60 కిలోల మనిషి ఇతరుల ఖాతాలో పడును. ఆ కుమారుడు ఆ 8 కిలోల 100 గ్రాములలో వీటిని మొదట వ్రాసికొని, తరువాత తక్కినవి వ్రాసెను.

తిరిగి వచ్చిన దినమున మోకాలు కొంచెము నొచ్చినది, భుజములు కమలలేదు. తండ్రి మరల చిట్టా తెరచి, మూడు గడులలో లెక్క వ్రాసెను. ముట్టనివాటి గడిలో మందుల పొట్లము, ఒక జత మేజోళ్ళు మాత్రము పడినవి. మందుల పొట్లమును ఆ గడినుండి కొట్టివేసి మొదటి గడిలో వ్రాసెను.

ఆ ఫాల్గుణములోనే ఇంటిల్లిపాదియు శిఖరజీ యాత్రకు బయలుదేరవలసియుండెను. అవ్వకు డోలీ మాటలాడవలెనని అనుకొనిరి. బయలుదేరుటకు రెండు దినముల ముందు కుమారుడు నడవలో నున్న తండ్రి పెట్టెను, ఎవ్వరితోను చెప్పక, అంగడికి ఎత్తుకొనిపోయి కాటాపై పెట్టెను. 22 కిలోలు. చిట్టాలో వ్రాసి, పుస్తకము తెరచియుంచి, ఊరకుండెను. సాయంకాలము తండ్రి వచ్చి ఆ పద్దు చూచెను. ముఖము ఎఱ్ఱబడెను. కొంతసేపటికి తనంత తానే నవ్వెను.

“పెద్దవాడి పెట్టెను తూచేంతటి వాడివైనావా?”

“నువ్వే నేర్పినావు గదా నాన్నా.”

అవ్వ లోపలినుండి తన గుడ్డమూట పట్టుకొని వచ్చెను. దానిని సైతము తూచుమనెను. రెండు కిలోల మూడువందలు. “ఆ డోలీవాళ్ళకు నా బరువు చాలదా? దీన్నెట్లా పెట్టేది వాళ్ళ మీద?” అని అంగడి మెట్టుపై కూర్చుండి ముడి విప్పెను. తండ్రియు పెట్టె మూత తీసి ఆమె ప్రక్కన కూర్చుండెను. పైననే ఉండెను, క్రొత్త జరీపంచెలు నాలుగు.